పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌ మెషీన్‌ మొరాయిస్తోందా?

కొత్తది కొనాలని ఇంట్లో అడిగే ముందు.. అడ్డంకి ఎక్కడుందో తేల్చుకోండి

విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ రోజు ఎవరి ల్యాప్‌టాపూ ఆగిపోలేదు. మర్నాడు కూడా ఎప్పటిలాగే ఆన్‌ అయింది. కానీ ‘ఈ పరికరానికి విండోస్‌ 11 అర్హత లేదు’ అన్న సందేశం చూసిన విద్యార్థులకు మాత్రం ఓ బెంగ పట్టుకుంది. క్లౌడ్‌, డెవాప్స్‌, సైబర్‌ సెక్యూరిటీ.. ఏ కోర్సులో చేరినా మొదటి వారంలోనే ‘మీ సిస్టమ్‌లో ఒక వర్చువల్‌ మెషీన్‌ పెట్టుకోండి’ అంటారు. అన్నయ్య వాడి ఇచ్చిందో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదో అయిన ల్యాప్‌టాప్‌ మీద అది ఎక్కదు. ఏదో ఎర్రర్‌ వస్తుంది. పక్కవాళ్లను అడిగితే వచ్చే జవాబు ఒకటే.. ‘దానికి సపోర్ట్‌ లేదు, కొత్తది కొనుక్కో’.

ఫీజులు, హాస్టల్‌ ఖర్చుల తర్వాత ఒక మధ్యతరగతి ఇంటికి కొత్త ల్యాప్‌టాప్‌ చిన్న మాటేం కాదు. అందుకే ఆ జవాబును అలాగే నమ్మేయకండి. ‘సపోర్ట్‌ లేదు’ అన్న రెండు ముక్కల వెనక మూడు వేర్వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఒకటి.. ఆ పని చేసే శక్తి చిప్‌లోనే లేకపోవడం. రెండు.. శక్తి ఉన్నా ఏదో ఒక సెట్టింగ్‌ దాన్ని ఆపేయడం. మూడు.. మెషీన్‌ పని చేయగలిగినా, దానికి ఇక బాధ్యత వహించబోమని కంపెనీ చెప్పడం. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి పైసా ఖర్చు లేదు. మూడోది మీరు ఆలోచించుకుని తీసుకోవాల్సిన నిర్ణయం. ఈ మూడింటినీ విడదీసి చూడటం వస్తే డబ్బులు మిగలడమే కాదు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక గట్టి పని కూడా మీ చేతిలో ఉంటుంది.

గీత ఎలా జరుగుతూ వచ్చింది?

వర్చువల్‌ మెషీన్‌ అంటే కంప్యూటర్‌ లోపల ఇంకో కంప్యూటర్‌. బయట ఉన్న అసలు మెషీన్‌ను హోస్ట్‌ అని, లోపల నడిచేదాన్ని గెస్ట్‌ అని అంటారు. దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ పేరు హైపర్‌వైజర్‌. ఇంటెల్‌ 2005లో వీటీ-ఎక్స్‌ పేరుతో, ఏఎండీ 2006లో ఏఎండీ-వీ పేరుతో ఈ పనికి ప్రాసెసర్‌లోనే ప్రత్యేక ఏర్పాటు తెచ్చాయి. అంతకుముందు మొత్తం భారం సాఫ్ట్‌వేరే మోసేది.

ఒరాకిల్‌ వారి వర్చువల్‌బాక్స్‌ చాలా కాలం రెండు పద్ధతులనూ నడిపింది. వీటీ-ఎక్స్‌ లేని చిప్‌ మీద కూడా 32 బిట్‌ గెస్ట్‌ ఎలాగోలా నడిచేది. 2018 చివర్లో వచ్చిన 6.0 వెర్షన్‌తో 32 బిట్‌ హోస్ట్‌లను వదిలేశారు. 2019 చివర్లో వచ్చిన 6.1తో సాఫ్ట్‌వేర్‌ పద్ధతినే తీసేశారు. అంటే చిప్‌లో వర్చువలైజేషన్‌ లేకపోతే ఇప్పుడు వర్చువల్‌బాక్స్‌ లేనట్టే. వీఎంవేర్‌ వర్క్‌స్టేషన్‌ ఇంకాస్త ముందే గీత గీసింది. 2017లో వచ్చిన 14వ వెర్షన్‌ నుంచి వీటీ-ఎక్స్‌ ఒక్కటే సరిపోదు, దానితోపాటు మెమొరీ పనిని వేగంగా చేసే ఈపీటీ లాంటి సదుపాయాలూ ఉండాలి. వర్క్‌స్టేషన్‌ 17 అయితే కొన్ని మినహాయింపులతో 2011, ఆ తర్వాత వచ్చిన ప్రాసెసర్లకే మద్దతు అని చెబుతుంది.

గెస్ట్‌ల వైపు కూడా గీత జరిగింది. లినక్స్‌ ప్రపంచంలో ప్రాసెసర్లను వాటికి తెలిసిన సూచనలను బట్టి స్థాయిలుగా విడదీశారు. ఉద్యోగాల్లో ఎక్కువగా కనిపించే రెడ్‌హ్యాట్‌ ఎంటర్‌ప్రైజ్‌ లినక్స్‌ 2022లో వచ్చిన 9వ వెర్షన్‌కు రెండో స్థాయిని, 2025లో వచ్చిన 10వ వెర్షన్‌కు మూడో స్థాయిని తప్పనిసరి చేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్‌ 13లో 32 బిట్‌ పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ లేదు.

ఇలా ఒక్కొక్కరూ ఒక్కో చోట గీత గీశారు. ఒకరి గీతకు ఇంకొకరి గీతతో సంబంధం లేదు. మనవాళ్లు పప్పులో కాలేసేది సరిగ్గా ఇక్కడే.

‘అర్హత’ ఉన్నది ఓడింది.. లేనిది గెలిచింది!

మూడు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టుకుందాం.

మొదటిది 2014 నాటి నాలుగో తరం కోర్‌ ఐ3. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే విండోస్‌ 11 జాబితాలో చోటు. కాబట్టి దీనికి అర్హత లేదు. కానీ దీనిలో వీటీ-ఎక్స్‌ ఉంది, ఈపీటీ ఉంది, మూడో స్థాయికి కావాల్సిన ఏవీఎక్స్‌2 సూచనలూ ఉన్నాయి. సరిపడా ర్యామ్‌ ఉంటే రెడ్‌హ్యాట్‌ 10 గెస్ట్‌ను నడిపే శక్తి దీనికుంది.

రెండోది సెలెరాన్‌ ఎన్‌4000 చిప్‌ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌. తక్కువ ధరకు వస్తుందని ఎందరో విద్యార్థులు కొనే రకం. మొదటిదానికంటే కొత్తది. విండోస్‌ 11 అధికారిక జాబితాలో ఉంది. దీనిలోనూ వీటీ-ఎక్స్‌ ఉంది. కానీ ఏవీఎక్స్‌ లేదు. కాబట్టి రెడ్‌హ్యాట్‌ 10 ఎక్కదు. ఏవీఎక్స్‌ అడిగే మాంగోడీబీ 5.0, ఆపై వెర్షన్లు కూడా నడవవు. రెడ్‌హ్యాట్‌ 9 దాకా ఇబ్బంది లేదు.

మూడోది 2008 నాటి కోర్‌ 2 డ్యుయో. ఈ వరుసలో కొన్ని మోడళ్లకు వీటీ-ఎక్స్‌ ఉంది, కొన్నింటికి లేదు. ఈపీటీ మాత్రం దేనికీ లేదు కాబట్టి కొత్త వీఎంవేర్‌ కుదరదు. రెండో స్థాయి సూచనలు కూడా పూర్తిగా లేవు కాబట్టి రెడ్‌హ్యాట్‌ 9 కూడా ఎక్కదు. ఇది నిజంగానే శక్తి లేని కేసు.

చూశారా? విండోస్‌ 11 వద్దన్న మెషీన్‌ పనికొచ్చింది. అది రమ్మన్న మెషీన్‌ ఒక చోట చేతులెత్తేసింది. ‘మెషీన్‌ పాతదా, కొత్తదా’ అన్న ప్రశ్నతో ఏదీ తేలదు. ‘నేను నడపాలనుకున్న పనికి ఏ సదుపాయం కావాలి, అది నా చిప్‌లో ఉందా’ అన్నదే అసలు ప్రశ్న.

ముందు అయిదు నిమిషాల పరీక్ష

ఏదీ అన్‌ఇన్‌స్టాల్‌ చేయకండి. విండోస్‌ మళ్లీ ఎక్కించకండి. ముందు చూడండి, తర్వాత చేయి పెట్టండి.

విండోస్‌ 10, 11లో టాస్క్‌ మేనేజర్‌ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద ‘వర్చువలైజేషన్‌’ అన్న మాట పక్కన ఎనేబుల్డ్‌ అనో, డిజేబుల్డ్‌ అనో ఉంటుంది. ఇంకాస్త వివరం కావాలంటే కమాండ్‌ ప్రాంప్ట్‌లో సిస్టమ్‌ఇన్ఫో అని కొట్టండి. చివరి వరుసల్లో హైపర్‌-వీకి కావాల్సినవి ఏవి ఉన్నాయో, ఏవి లేవో ఒక్కొక్కటిగా చూపిస్తుంది. అక్కడ ఆ జాబితా బదులు ‘ఒక హైపర్‌వైజర్‌ను గుర్తించాం’ అని వస్తే కంగారు పడొద్దు. వర్చువలైజేషన్‌ ఆన్‌లోనే ఉందని, కాకపోతే దాన్ని వేరే ఎవరో అప్పటికే వాడుకుంటున్నారని దానర్థం. లినక్స్‌లో అయితే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌ చాలు. ఫ్లాగ్స్‌ వరుసలో ఇంటెల్‌కు ‘వీఎంఎక్స్‌’, ఏఎండీకి ‘ఎస్‌వీఎం’ ఉందేమో చూడండి. ఏవీఎక్స్‌, ఏవీఎక్స్‌2 కూడా అక్కడే కనిపిస్తాయి. ప్రాసెసర్‌ మోడల్‌ నంబరును తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి సరిపోల్చుకుంటే సందేహం పూర్తిగా తీరుతుంది.

ఈ పరీక్ష తర్వాత మీ కేసు కింది వాటిలో ఏదో ఒక దాంట్లో పడుతుంది.

తలుపు ఉంది.. గడియ వేసి ఉంది

చిప్‌లో వీటీ-ఎక్స్‌ ఉంది, కానీ డిజేబుల్డ్‌ అని చూపిస్తోంది. లేదా వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్‌ పెట్టేటప్పుడు 32 బిట్‌ సిస్టమ్‌లే కనిపిస్తున్నాయి, 64 బిట్‌ ఒక్కటీ లేదు. చాలాసార్లు ఇది బయోస్‌ సెట్టింగ్‌. పాత ల్యాప్‌టాప్‌లలో వర్చువలైజేషన్‌ ఆఫ్‌ చేసి ఉండటం మామూలే. మెషీన్‌ ఆన్‌ అవుతున్నప్పుడు కంపెనీని బట్టి ఎఫ్‌2, ఎఫ్‌10, ఎఫ్‌1 లేదా డిలీట్‌ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్‌ మెషీన్లలో ‘ఇంటెల్‌ వర్చువలైజేషన్‌ టెక్నాలజీ’ అని, ఏఎండీలో ‘ఎస్‌వీఎం మోడ్‌’ అని ఉంటుంది. అడ్వాన్స్‌డ్‌, సెక్యూరిటీ, సిస్టమ్‌ కాన్ఫిగరేషన్‌ మెనూల్లో వెతకండి. ఎనేబుల్‌ చేసి సేవ్‌ చేశాక ఒక్క రీస్టార్ట్‌తో సరిపెట్టకండి. మెషీన్‌ను పూర్తిగా ఆఫ్‌ చేసి, కాసేపాగి ఆన్‌ చేయండి. కొన్ని పాత మెషీన్లకు అలా చేస్తేనే మార్పు అందుతుంది.

బయోస్‌లో ఆ వరుసే లేకపోతే? చిప్‌లో సదుపాయం ఉన్నా కొన్ని మోడళ్లలో ల్యాప్‌టాప్‌ కంపెనీ ఆ మీటను బయటకు చూపించలేదు. మీ మోడల్‌కు కంపెనీ అధికారిక సైట్‌లో బయోస్‌ అప్‌డేట్‌ ఉందేమో చూడండి. ఆ అప్‌డేట్‌ చేసేటప్పుడు ఛార్జర్‌ పెట్టే ఉంచాలి. మధ్యలో కరెంటు పోతే, బ్యాటరీ కూడా నిలవని ల్యాప్‌టాప్‌ అయితే మదర్‌బోర్డుకే ముప్పు. కాబట్టి వేరే దారేదీ లేనప్పుడే అటు వెళ్లండి.

ఒక కుర్చీకి ఇద్దరు

వర్చువలైజేషన్‌ ఆన్‌లో ఉంది. అయినా గెస్ట్‌ స్టార్ట్‌ కాదు. లేదా నత్తనడక నడుస్తుంది. వర్చువల్‌బాక్స్‌ కిటికీ కింది వరుసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా? అయితే దొంగ దొరికినట్టే. విండోస్‌ సొంత హైపర్‌వైజర్‌ అయిన హైపర్‌-వీ ముందే కుర్చీలో కూర్చుంది. వర్చువల్‌బాక్స్‌ దాని వెనక నిలబడి పని చేయాల్సి వస్తోంది. అందుకే ఆ వేగం. ఈ స్థితిలో ఏవీఎక్స్‌ లాంటి సదుపాయాలు చిప్‌లో ఉన్నా గెస్ట్‌కు అందకపోవడమూ జరుగుతుంది.

‘నేను హైపర్‌-వీ ఎప్పుడూ పెట్టలేదే’ అంటారు. మీరు పెట్టి ఉండకపోవచ్చు. కానీ డబ్ల్యూఎస్‌ఎల్‌2 పెట్టారా? డాకర్‌ డెస్క్‌టాప్‌ పెట్టారా? విండోస్‌ సెక్యూరిటీలో కోర్‌ ఐసోలేషన్‌ కింద ‘మెమొరీ ఇంటిగ్రిటీ’ ఆన్‌లో ఉందా? ఇవన్నీ ఆ హైపర్‌వైజర్‌నే వాడుకుంటాయి. వర్చువల్‌బాక్స్‌ పూర్తి వేగంతో కావాలనుకుంటే విండోస్‌ ఫీచర్స్‌లో హైపర్‌-వీ, వర్చువల్‌ మెషీన్‌ ప్లాట్‌ఫామ్‌, విండోస్‌ హైపర్‌వైజర్‌ ప్లాట్‌ఫామ్‌ల టిక్‌లు తీసేసి, మెషీన్‌ పూర్తిగా ఆపి ఆన్‌ చేయాలి. అప్పుడు డబ్ల్యూఎస్‌ఎల్‌2, డాకర్‌ డెస్క్‌టాప్‌ పని చేయవు. మెమొరీ ఇంటిగ్రిటీని ఆపితే భద్రతలో ఒక పొర తగ్గుతుంది. కాబట్టి అన్నింటినీ ఒకేసారి ఆపేయకండి. ఒక్కొక్కటి మార్చి ఫలితం చూడండి. రెండూ ఒకేసారి కావాలన్న పట్టుదల పాత మెషీన్‌ మీద వద్దు. ఈ నెల ఏ ల్యాబ్‌ ముఖ్యమో దాన్నే ఎంచుకోండి.

హోస్ట్‌ లినక్స్‌ అయినా ఈ పేచీ ఉంది. లినక్స్‌ కెర్నల్‌ 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్‌ లోడ్‌ కాగానే వర్చువలైజేషన్‌ను తన చేతిలోకి తీసుకుంటోంది. నిన్నటిదాకా నడిచిన వర్చువల్‌బాక్స్‌ కెర్నల్‌ అప్‌డేట్‌ తర్వాత ‘వీటీ-ఎక్స్‌ను వేరే హైపర్‌వైజర్‌ వాడుతోంది’ అని ఆగిపోతే కారణం ఇదే అయ్యుండొచ్చు. కేవీఎం మాడ్యూల్‌ను తాత్కాలికంగా దించితే సరి. ‘కెర్నల్‌ డ్రైవర్‌ లేదు’ అన్న సందేశం వేరు. కెర్నల్‌ హెడర్స్‌ ఇన్‌స్టాల్‌ చేయకపోవడమో, సెక్యూర్‌ బూట్‌ సంతకం లేని మాడ్యూల్‌ను అడ్డుకోవడమో దానికి కారణం. అప్పుడు ఆ మాడ్యూల్‌కు సంతకం చేసుకోవడం పద్ధతి.

ఎక్కింది.. కానీ లోపల కూలింది

గెస్ట్‌ స్టార్ట్‌ అయింది. నాలుగు వరుసలు వచ్చాయి. ‘ఈ సీపీయూకు రెండో స్థాయి సూచనలు తెలియవు’ అనే అర్థం వచ్చే సందేశంతో కెర్నల్‌ ప్యానిక్‌. ఇది వర్చువల్‌బాక్స్‌ తప్పు కాదు, ర్యామ్‌ తప్పూ కాదు. గెస్ట్‌ అడిగే స్థాయి చిప్‌లో లేదు, లేదా పై పేచీ వల్ల లోపలికి అందడం లేదు. హైపర్‌-వీ సంగతి తేల్చుకున్నాక కూడా మారకపోతే ఇంకో గెస్ట్‌ను ఎంచుకోవడమే మార్గం. రెడ్‌హ్యాట్‌ కుటుంబంలో 8వ వెర్షన్‌ పాత చిప్‌లను అంగీకరిస్తుంది. దాని దారిలో నడిచే ఆల్మాలినక్స్‌ 8, రాకీ లినక్స్‌ 8లకు 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆల్మాలినక్స్‌ 10 అయితే రెండో స్థాయి చిప్‌ల కోసం విడిగా ఒక బిల్డ్‌ ఇస్తోంది. సెలెరాన్‌ వాడేవాళ్లకు ఇది మంచి వార్త. సర్వీసులు స్టార్ట్‌ చేయడం, ఫైర్‌వాల్‌, యూజర్లు, అనుమతులు.. మీరు నేర్చుకోవాల్సినవి ఏ వెర్షన్‌లోనైనా దాదాపు ఒకటే.

ఇన్‌స్టాల్‌ మధ్యలో ఒక్కోసారి ఒక్కో చోట ఆగిపోతుంటే ముందు ఐఎస్‌ఓ ఫైల్‌ను అనుమానించండి. నెట్‌ తెగుతూ దిగిన ఫైల్‌ పాడై ఉండొచ్చు. డౌన్‌లోడ్‌ పేజీలో ఇచ్చిన షా-256 విలువతో మీ ఫైల్‌ విలువను పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించాల్సిందే.

నడుస్తోంది.. కానీ ఈడ్చుకుంటూ

4 జీబీ ర్యామ్‌ ఉన్న మెషీన్‌లో గెస్ట్‌కు 3 జీబీ ఇస్తే రెండూ చస్తాయి. హోస్ట్‌కు ర్యామ్‌ చాలక డిస్క్‌ను ర్యామ్‌లా వాడటం మొదలుపెడుతుంది. అది తిరిగే హార్డ్‌డిస్క్‌ అయితే ఇక చెప్పక్కర్లేదు. గెస్ట్‌లో డెస్క్‌టాప్‌ ఎందుకు? సర్వర్లలో సాధారణంగా డెస్క్‌టాప్‌ ఉండదు. డెస్క్‌టాప్‌ లేని డెబియన్‌కు 1 జీబీ ర్యామ్‌, ఒక కోర్‌ ఇచ్చి, హోస్ట్‌ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లండి. ఉద్యోగంలోనూ ఇలాగే చేస్తారు. రెండు కోర్ల చిప్‌లో గెస్ట్‌కు రెండూ ఇవ్వకండి. గెస్ట్‌లో నల్ల తెర వస్తే త్రీడీ యాక్సిలరేషన్‌ తీసేసి చూడండి.

డబ్బు పెట్టాలంటే మొదట ఎస్‌ఎస్‌డీకి, తర్వాత ర్యామ్‌కు పెట్టండి. ర్యామ్‌ కొనే ముందు మీ బోర్డు డీడీఆర్‌3నా, డీడీఆర్‌3ఎల్‌నా, డీడీఆర్‌4నా, గరిష్ఠంగా ఎంత తీసుకుంటుంది, ఖాళీ స్లాట్‌ ఉందా అన్నవి చూసుకోండి. చిన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ బోర్డుకే అతికించి ఉంటుంది. అప్పుడు పెంచడం కుదరదు.

అడ్డదారులు.. ఏది సరే, ఏది వద్దు?

కొత్త వెర్షన్‌ ఎక్కకపోతే పాత వెర్షన్‌ దించుకోమని చాలామంది సలహా ఇస్తారు. వర్చువల్‌బాక్స్‌ 5.2కు మద్దతు 2020 జులైలోనే ఆగింది. 6.1కు 2024 జనవరిలో ఆగింది. ఆ తర్వాత బయటపడ్డ లోపాలకు వాటిలో మరమ్మతు ఉండదు. నెట్‌ లేకుండా ఒక ల్యాబ్‌ పూర్తి చేయడానికి సరే అనుకోవచ్చు. కానీ అదే మెషీన్‌లో బ్యాంకు పనులు చేస్తూ, దానిలోనే మాల్‌వేర్‌ నమూనాలతో ప్రయోగాలు చేస్తానంటే అది ధైర్యం కాదు. గెస్ట్‌కూ హోస్ట్‌కూ మధ్య ఉన్న గోడ మీద ఉన్న నమ్మకంతోనే ఆ ప్రయోగాలు చేస్తాం. మరమ్మతు లేని గోడను నమ్మి ఎలా చేస్తారు?

క్రాక్‌ చేసిన వీఎంవేర్‌ జోలికి అసలు పోవద్దు. దాని అవసరమే లేదు. వర్క్‌స్టేషన్‌ ప్రోను 2024 మేలో వ్యక్తిగత వాడకానికి, నవంబరులో అందరికీ ఉచితం చేశారు. బ్రాడ్‌కామ్‌ సైట్‌లో ఖాతా తెరిచి దించుకోవచ్చు. ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన కాపీని అడ్మినిస్ట్రేటర్‌ అనుమతులతో నడపడమంటే ఇంటి తాళం పరాయివాళ్ల చేతిలో పెట్టడమే.

మరి హోస్ట్‌గా ఉన్న విండోస్‌ 10 సంగతి? మైక్రోసాఫ్ట్‌ వ్యక్తిగత వాడకందారుల కోసం పొడిగించిన భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు ప్రకటించింది. 30 డాలర్లు లేదా దానికి సమానమైన స్థానిక రుసుము కట్టవచ్చు. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్‌ ఖాతాకు బ్యాకప్‌ చేసుకునేవారికి ఉచితం. అది శాశ్వత పరిష్కారం కాదు, కాస్త గడువు మాత్రమే. ఆ గడువులో చేయదగ్గ మంచి పని.. డేటా బ్యాకప్‌ తీసుకుని హోస్ట్‌నే లినక్స్‌కు మార్చుకోవడం. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్‌ మింట్‌ పాత మెషీన్‌ మీద తేలిగ్గా ఉంటుంది. దాని మీద కేవీఎం నేర్చుకుంటే వర్చువల్‌బాక్స్‌ అవసరమే తీరిపోతుంది.

చిప్‌లోనే లేకపోతే..

పరీక్షలో వీటీ-ఎక్స్‌ లేదని తేలిందా? బాధ పడాల్సిన పనిలేదు, దారి మార్చుకోవాలంతే. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్‌1కు హార్డ్‌వేర్‌ వర్చువలైజేషన్‌ అక్కర్లేదు. దానిలో డాకర్‌ నడవదు కానీ లినక్స్‌ కమాండ్లు, షెల్‌ స్క్రిప్టులు, పైథాన్‌, గిట్‌ అన్నీ నేర్చుకోవచ్చు. నేరుగా లినక్స్‌ ఎక్కించుకుంటే కంటెయినర్లు కూడా నడుస్తాయి. ఎందుకంటే కంటెయినర్‌కు వీటీ-ఎక్స్‌ అక్కర్లేదు, అది హోస్ట్‌ కెర్నల్‌నే పంచుకుంటుంది. ‘కంటెయినర్‌కూ వర్చువల్‌ మెషీన్‌కూ తేడా ఏంటి’ అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు ఇంతకంటే మంచి అనుభవపూర్వక జవాబు ఏముంటుంది!

నెట్‌ బాగుంటే మెషీన్‌ను కేవలం తెరగా వాడుకోండి. గూగుల్‌ క్లౌడ్‌ షెల్‌ వారానికి 50 గంటలు, 5 జీబీ నిల్వతో ఉచితంగా లినక్స్‌ టెర్మినల్‌ ఇస్తుంది. గిట్‌హబ్‌ కోడ్‌స్పేసెస్‌ వ్యక్తిగత ఖాతాలకు నెలకు 120 కోర్‌ గంటలు ఉచితం. రెండు కోర్ల మెషీన్‌ తీసుకుంటే 60 గంటలన్నమాట. అమెజాన్‌ లాంటి క్లౌడ్‌ ఖాతాలు కార్డు అడుగుతాయి. అలాంటి చోట మొదటి రోజే ఖర్చు హెచ్చరిక పెట్టుకుని, పని కాగానే మెషీన్‌ను తొలగించండి.

ఈ తిప్పలకు ఉద్యోగంతో ఏం పని?

చాలా పని ఉంది. బ్రాడ్‌కామ్‌ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొనేసింది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. లైసెన్సు ఖర్చులు పెరిగిన కంపెనీలు ప్రాక్స్‌మాక్స్‌, న్యూటానిక్స్‌, హైపర్‌-వీ, కేవీఎం వైపు చూస్తున్నాయి. ఒక హైపర్‌వైజర్‌ నుంచి ఇంకో దానికి మెషీన్లను తరలించేటప్పుడు వచ్చే సమస్యలేంటి? గెస్ట్‌కు అందే సీపీయూ సదుపాయాలు మారడం, డ్రైవర్లు దొరకకపోవడం, బూట్‌ కాకపోవడం. మీరు మీ పాత ల్యాప్‌టాప్‌ మీద పడ్డ తిప్పలే, కాకపోతే పెద్ద ఎత్తున.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో, ఆఫీసుల్లో మద్దతు ఎప్పుడో ఆగిన సాఫ్ట్‌వేర్‌ మీద ఇంకా పనులు నడుస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒక వర్చువల్‌ మెషీన్‌లో పెట్టి, నెట్‌వర్క్‌ నుంచి విడదీసి కాపాడటం సిస్టమ్‌ అడ్మిన్ల రోజువారీ పనుల్లో ఒకటి. ‘పాతది పారేసి కొత్తది కొనండి’ అని చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. పాతదానితో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో, ఎందుకో చెప్పేవాళ్లకే విలువ.

అందుకే మీరు చేసిన ప్రతి మరమ్మతునూ రాసిపెట్టుకోండి. సమస్య ఏంటి, లాగ్‌ ఫైల్‌లో ఏ వరుస కనిపించింది, ఏం అనుమానించారు, ఏం మార్చారు, ఏమైంది.. అయిదు వరుసలు చాలు. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్‌ మీద రైట్‌క్లిక్‌ చేస్తే ‘షో లాగ్‌’ ఉంటుంది. లాగ్‌ చదివే అలవాటు లేనివాళ్లు ఎర్రర్‌ను సగం మాత్రమే చూసినట్టు. రెజ్యూమెలో ‘వర్చువలైజేషన్‌ తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘4 జీబీ ల్యాప్‌టాప్‌ మీద రెండు లినక్స్‌ గెస్ట్‌లతో వెబ్‌ సర్వర్‌, డేటాబేస్‌ ల్యాబ్‌ నడిపాను. హైపర్‌-వీ ఘర్షణను గుర్తించి సరిచేశాను’ అని రాస్తే ఇంటర్వ్యూ చేసేవారు దాని మీదే ప్రశ్నలు అడుగుతారు. అవి మీకు బాగా తెలిసిన ప్రశ్నలే.

చివరికి కొనాల్సి వస్తే..

చిప్‌లో వర్చువలైజేషన్‌ లేదు. ర్యామ్‌ 4 జీబీ దాటదు. ఆండ్రాయిడ్‌ ఎమ్యులేటరో, కుబర్నెటీస్‌ ల్యాబో ప్రతిరోజూ కావాలి. అప్పుడు కొనడం న్యాయమే. అయినా కొత్తదే కానక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని సీటీసీ లాంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన వాడిన బిజినెస్‌ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. బేరం మొదలుపెట్టే ముందు షాపులోనే నాలుగు చూడండి. టాస్క్‌ మేనేజర్‌లో వర్చువలైజేషన్‌ ఎనేబుల్డ్‌ అని ఉందా? బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్‌ ఏమైనా మిగిలి ఉందా? ఉంటే ఆ సెట్టింగ్‌ మార్చడం మీకు చాలా కష్టం. ర్యామ్‌కు రెండో స్లాట్‌ ఉందా? ప్రాసెసర్‌ ఎనిమిదో తరం లేదా ఆపైదేనా? పైన పొడవైన పేర్లు, మెరిసే స్టిక్కర్లు పట్టించుకోకండి. ‘ఐ5’ అన్న రెండక్షరాలతో ఏమీ తెలియదు, దాని పక్కనున్న నంబరే చెబుతుంది.

ఈలోగా ఇంట్లో ఉన్న మెషీన్‌ను తెరిచి ఆ అయిదు నిమిషాల పరీక్ష చేయండి. అడ్డంకి చిప్‌లో ఉందా, సెట్టింగ్‌లో ఉందా, కంపెనీ విధానంలో ఉందా అన్నది ఒక కాగితం మీద రాయండి. ఆ తర్వాత నాన్నను డబ్బు అడగాల్సి వచ్చినా ‘ఇది పాతదైపోయింది’ అని కాకుండా, ఎందుకు కావాలో లెక్కతో సహా చెప్పగలుగుతారు. రేపు ఉద్యోగంలో మేనేజర్‌ను సర్వర్‌ అడగాల్సి వచ్చినప్పుడూ చెప్పాల్సింది అలాగే.